కానుగ చెట్ల కింద, ఏడో నంబరు కర్ర

దిల్షాద్ పొద్దున లేవగానే తాను పడుకున్న పరుపును కొడుతుంది. మొహం కడుక్కోక ముందే, పొయ్యి వెలిగించక ముందే. భర్త ఆజం ఇంకా నిద్రలో ఉంటే అతన్ని ఒక పక్కకు దొర్లించి మరీ కొడుతుంది. తలగడ వైపు నుంచి కాళ్ళ వైపుకు పిడికిలితో తడుముకుంటూ వస్తుంది. ఎక్కడైనా దూది గడ్డకట్టినట్టు తగిలిందంటే, ఆ పరుపు కుట్టిన మనిషిని నోటికొచ్చినట్టు తిడుతుంది. ఆ పరుపు కుట్టింది తనే.

ఆమెకు కోపం ఎక్కువని మా కాలనీలో అందరూ అంటారు. ఆ కోపం ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చెప్పరు.

గోదావరి ఒడ్డున, భద్రాచలానికి దగ్గరలో ఉన్న ఫ్యాక్టరీ కాలనీ మాది. ఆజం ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరు. రెండో అంతస్తులో రెండు గదుల క్వార్టరు వాళ్ళది. దిల్షాద్ పుట్టిల్లు కూసుమంచి. పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ దూది ఏకి పరుపులు కుట్టడమే వృత్తి. ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో ఆజం తండ్రి ఇక్కడికి వచ్చి గెస్ట్‌హౌస్‌కు మొదటి పరుపులు కుట్టాడు. కాలనీ చివర, వాగు గట్టు పక్కన కానుగ చెట్ల వరస ఉంది. ఆయన దూది ఏకింది ఆ నీడలోనే. గట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి గాలి విసురు అక్కడికి రాదు. దూది పనికి గాలి లేని చోటు కావాలి, మేడ మీద అది దొరకదు, రోడ్డు పక్కన అసలే దొరకదు. కొడుకు నౌకరీలో చేరాక ఆ పని కోడలు అందుకుంది.

ఎండాకాలంలో చర్ల అడవుల్లో బూరుగు కాయలు పగులుతాయి. జంపక్క అనే ఆమె ఆ దూదిని గోనె సంచుల్లో కుక్కి, బస్సు మీద వేసుకుని తెస్తుంది. భద్రాచలంలో పత్తి ఏకే మిషను ఉంది గాని, బూరుగు దూదిని మిషను వాళ్ళు ముట్టుకోరు, ఎగిరి షాపంతా నిండిపోతుందని. అది చేత్తోనే కావాలి. కుప్ప పోసి, సన్నటి వెదురు బెత్తంతో కొట్టాలి. బెత్తం దూదిని తాకీ తాకగానే మణికట్టుతో చటుక్కున వెనక్కి లాగాలి. అప్పుడే దూది విడివడి పైకి లేస్తుంది, గింజ కిందికి రాలుతుంది. బెత్తం లోపలికి దిగితే దూది అణిగి ముద్దవుతుంది. ఇరవై ఏళ్ళకు పైగా దిల్షాద్ చెయ్యి చేస్తున్న పని అదే. తాకడం, లాగడం.

ఆ చెట్ల పక్కకే తర్వాతెప్పుడో గోల్ఫ్ గ్రౌండు వచ్చింది. బంతిని కొట్టి పడెయ్యాల్సిన గుంతలు అంతా కలిపి ఆరు. గుంత చుట్టూ పచ్చిక పెంచేంత నీళ్ళు లేక, ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి పరిచి, చదును చేస్తారు. మూడో గుంత కానుగ చెట్లకు ఆనుకుని ఉంటుంది. వాగు ఇవతలి గట్టు మీద నుంచి బంతిని కొడితే అది వాగు దాటి ఆ గుంత వైపు పోవాలి. ఫ్యాక్టరీలో పనిచేసే ఎవరైనా, వాళ్ళ ఇంటివాళ్ళైనా ఆడుకోవచ్చని క్లబ్బు గోడ మీద రాసి ఉంది. ఆడేది మాత్రం ఆఫీసర్లే. వాళ్ళ ఆట వాళ్ళది, దిల్షాద్ పని దిల్షాద్‌ది, అలాగే చాలా ఏళ్ళు గడిచాయి.

మూడేళ్ళ కిందట క్లబ్బుకు నాగరాజు అనే ఆఫీసరు సెక్రటరీ అయ్యాడు. ఏప్రిల్‌లో ఒక ఉదయం అతను కొట్టిన బంతి మూడో గుంతకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. నూనె ఇసుకకు బూరుగు పీచు అంటుకుని ఉంది, ఆ పీచే బంతిని ఆపింది. అతను తల ఎత్తి చూస్తే చెట్ల కింద దిల్షాద్ బెత్తం పట్టుకుని ఉంది. జంపక్క సంచి మూతి విప్పుతూ ఉంది.

"ఏయ్, ఎవరమ్మా నువ్వు? ఇదేమన్నా మీ పెరడనుకున్నవా?"

"పెరడు కాదు సారూ. మా మామ కాలం నుంచి పని చేసుకుంటున్న జాగ."

"నా బాలుకు దూది అంటుకుంది, కనబడతలేదా?"

"ఊదితే పోతది సార్."

జంపక్క కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో నాగరాజు ముఖం కందిపోయింది.

దిల్షాద్ గొంతు తగ్గించింది. "తొమ్మిది కొట్టేసరికి ఎండకు మీరందరు ఎల్లిపోతరు గద సార్. అప్పటి నుంచే చేసుకుంట. పోయేటప్పుడు మీ ఇసుక మీద చీపురు గూడ నేనే వేసి పోత."

తగువు అక్కడితో తెగిపోవాల్సింది. ఇంత చక్కని పరిష్కారం ఆ క్లబ్బులో ఎవరూ చెప్పలేరు.

"టైమింగులు నువ్వు చెప్తే నేను వినాల్నా? గ్రౌండు ఉన్నది ఆడేటోళ్ళకు. ఆడొస్తదా నీకు? రాకపోతే మూట కట్టు."

"మరి నేను ఆడితే?"

వెనక నిలబడ్డ ఆఫీసర్లు నవ్వారు. ఆ నవ్వు నాగరాజుకు హుషారిచ్చింది. చేతిలోని కర్రతో వాగు వైపు చూపించాడు. "ఆడతవా? ఆ గట్టు మీద నిలబడి బాలును వాగు దాటించు. దాటిస్తే సీజనంతా ఈ చెట్ల కిందనే దుకాణం పెట్టుకో, నేను ఒక్క మాట అంటే అడుగు."

దిల్షాద్ అతన్ని వదిలేసి వెనకవాళ్ళ వైపు తిరిగింది. "అందరు విన్నరా సార్?"

"విన్నం, విన్నం!" అన్నారు నవ్వుతూనే.

ఆ నవ్వులు ఆగకముందే నాగరాజు పిలిపించిన సెక్యూరిటీ వాళ్ళు వచ్చి సంచులను రోడ్డు మీదికి ఈడ్చారు. విప్పిన సంచి మూతి మళ్ళీ కట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు. అడవిలో చెట్టెక్కి కోసిన కాయలను ఎండబెట్టి వలిచిన దూదంతా లారీల గాలికి లేచి మిర్చి బస్తాల మీదా ఆటోల మీదా వాలింది. జంపక్క రోడ్డు మధ్యలో చేతులు చాచి పట్టుకోబోయింది. బూరుగు దూదిని చేతుల్తో ఎవరు పట్టగలరు! దిల్షాద్ కదలకుండా నిలబడి చూసింది. కాలనీలో ఆ రోజు చాలామందికి అది తమాషాగా కనిపించింది. మంచు కురిసినట్టుందని ఎవరో ఫోన్లో వీడియో కూడా తీశారు.

ఆ సాయంత్రమే ఆమె పుష్పలత ఇంటికి వెళ్ళింది. పుష్పలత కాలనీ స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పి రిటైరైన టీచరు. బదిలీ మీద పోతూ ఒక ఆఫీసరు వదిలేసిన గోల్ఫ్ కర్ర ఒకటి ఆమె దగ్గర ఉంది, ఇనప మూతిది, అడుగున ఏడు అంకె వేసి ఉంటుంది. ఎవరూ లేని వేళ చూసుకుని గోల్ఫ్ గ్రౌండులో ఆ ఒక్క కర్రతోనే ఆడుకుంటుంది. ఆఫీసర్ల పిల్లలంతా ఆమె చేతిలో పెరిగినవాళ్ళే కాబట్టి ఆమెను ఎవరూ ఏమీ అనరు.

"వాళ్ళు సంచినిండా కర్రలు మోస్తరు. మీకు ఒక్కటే ఉన్నది. ఒక్కదానితోని అయితదా మేడమ్?" అని అడిగింది దిల్షాద్.

"ఊరికే ఆడుకునేదానికి ఒక్కటి చాలు. దగ్గరికి పోవాలంటే చిన్నగ ఊపుత, దూరం పోవాలంటే పెద్దగ ఊపుత. సంచినిండా ఉంటే ఏది తియ్యాల్నో తెల్వక సగం పొద్దు దానికే పోతది."

"నాకు వాగు దాటితే చాలు."

"ఎవని మీద కోపంతో వచ్చినవో నాకు తెలుసు. ఆ కోపం గేటు బయట చెప్పులతో పాటు ఇడిచి రా."

"అది ఇడిస్తే నేనెందుకు వస్త మేడమ్, ఇంట్ల పండుకోనా?"

పుష్పలత పెద్దగా నవ్వి, స్కూలు గ్రౌండుకు తీసుకుపోయింది. నేర్పింది చాలా కొంచెం. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద, రెండూ ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. బొటనవేళ్ళు కర్ర వెంబడి కిందికి చూడాలి. పట్టు బిగించకూడదు, జారనివ్వకూడదు. బంతి రెండు పాదాల మధ్యకు రావాలి. మోకాళ్ళు కాస్త వంగాలి. కర్రను నడుము ఎత్తుకు వెనక్కి తీసి, గడ్డిని రాసుకుంటూ ముందుకు వదిలి, అటు నడుము ఎత్తుకు పోనివ్వాలి. చూపు మాత్రం బంతి ఉన్న చోటే. బంతిని పైకి లేపాలని మనం తిప్పలు పడక్కర్లేదు, కర్ర మూతి వాలుగా ఉంది, అదే లేపుతుంది.

దిల్షాద్ అన్నీ చెప్పినట్టే చేసింది. కర్ర బంతిని తాకగానే మాత్రం ఆమె మణికట్టు చటుక్కున వెనక్కి లాగేసింది. బంతి నాలుగు దొర్లులు దొర్లి ఆగింది. మళ్ళీ కొట్టింది, అంతే. ఇంకా గట్టిగా కొట్టింది. గట్టిగా కొట్టినకొద్దీ అంత గట్టిగా లాగింది.

"ఎందుకు ఆపుతున్నవ్?"

"నేను ఆపుతలేను!"

"మరి నేను ఆపుతున్ననా? కర్ర బంతి కాడ ఆగిపోతున్నది చూడు."

"దూదిని గట్లనే కొడతం మేడమ్."

"ఇది దూది కాదే తల్లీ!"

దిల్షాద్ కర్రను గడ్డిలోకి విసిరేసింది. ఇరవై ఏళ్ళుగా అన్నం పెట్టిన చెయ్యి తనకే అడ్డం పడుతోంది. వారం తిరిగినా ఆ లాగుడు పోలేదు. స్కూలు గోడ అవతల నుంచి వాకింగుకు వచ్చినవాళ్ళు చూసి, "పరుపులామె గోల్ఫ్ నేర్చుకుంటున్నదంట" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళలో వాళ్ళు పడుకునేది ఆమె కుట్టిన పరుపుల మీదే.

ఇంట్లో ఇంకో ఘనకార్యం జరిగింది. ఆజం నెమ్మదైన మనిషి. పైఅధికారి ఎదురైతే సైకిల్ దిగి నడిచే రకం. అతను ఆమెకు చెప్పకుండా నాగరాజు ఆఫీసుకు వెళ్ళి, తన భార్య తెలియక మాట్లాడిందని, ఇక ఆ చెట్ల వైపు రాదని చెప్పి వచ్చాడు. ఆ సంగతి దిల్షాద్‌కు మార్కెట్లో తెలిసింది. కూరగాయల సంచిని గుమ్మంలోనే పడేసింది.

"నా తరఫున మాటిచ్చేటానికి నువ్వెవరు?"

"నీ మొగుణ్ణి."

"మొగుడివైతే ఇంట్ల ఉండు. చెట్ల కింద కూసొని దూది కొట్టింది నేను. నా దూది రోడ్డు మీద పోసిండ్రు. నువ్వు పోయి వాళ్ళకే మాఫీ అడిగినవ్!"

"నాకు ఇంక ఆరేళ్ళ నౌకరీ ఉన్నది దిల్షాద్. రేపు వాడు నన్ను ఏ బాయిలర్ కాడికో యేస్తే?"

"ఏస్తే పని చేస్తవ్. ఫిట్టరువే గదా. నన్ను చెట్ల కాడికెళ్ళి లేపితే నేనేం చెయ్యాలె? ఈ రెండు గదులల్ల కూసొని దూది ఏకాల్నా? నీ ముక్కులకు పోతే తెలుస్తది."

ఆ రాత్రి ఆజంకు అన్నం వడ్డించింది గాని, పక్కన కూర్చోలేదు.

మర్నాడు స్కూలు గ్రౌండుకు ఆమె వచ్చిన తీరు చూసి పుష్పలత కర్ర ఇవ్వలేదు. ఒక ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి సగం నీళ్ళు నింపింది.

"రెండు చేతులతోని పట్టుకో. కుడిపక్కకు తీసి ఎడమకు చల్లు. గ అవతలున్న చెట్టు దాక పోవాలె నీళ్ళు."

దిల్షాద్ చల్లబోయి, అలవాటు కొద్దీ మధ్యలో ఆపింది. నీళ్ళన్నీ ఆమె కాళ్ళ మీదే పడ్డాయి.

"ఆపితే నీ కాళ్ళ మీదనే పడతయి. మళ్ళ చల్లు."

రెండోసారి సల్వార్ మోకాళ్ళ దాకా తడిసింది. మూడోసారి ఆమె తిట్లు తిడుతూ, మొత్తం ఒళ్ళు తిప్పి విసిరింది. నీళ్ళు ఒక పలకలా లేచి దూరంగా పడ్డాయి. ఆమె ఛాతీ చెట్టు వైపు తిరిగి ఉంది, బకెట్టు ఎడమ భుజం దాకా వెళ్ళింది.

"అగో, గదే! ఇప్పుడు కర్ర పట్టు. బంతి ఉన్నదని మర్చిపో. నీళ్ళు చల్లు."

బంతి లేచింది. పెద్ద ఎత్తుకేమీ కాదు, తిన్నగా కూడా కాదు. అయినా గాలిలోకి లేచి, గ్రౌండు సగం దాటి పడింది. దిల్షాద్ అది పడిన చోటును చూస్తూ నిలబడింది. "ఇంకోటి పెట్టండి మేడమ్" అంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె ఎండిన నేల మీద నీళ్ళు చల్లేది, ఆ వెంటనే బంతులు కొట్టేది. ముందున్న లాగుడు పూర్తిగా పోలేదు. కోపం వచ్చినప్పుడల్లా తిరిగి వచ్చేది. ఆమెకు కోపం రాని సాయంత్రాలు తక్కువ.

మే నెలలో క్లబ్బులో ఆదివారం పోటీ పెట్టారు. పొద్దున్నే ఆఫీసర్లంతా మూడో గుంతకు ఎదురుగా, వాగు ఇవతలి గట్టు మీదికి చేరేసరికి దిల్షాద్ అక్కడ కర్రతో నిలబడి ఉంది. పక్కన పుష్పలత, పాత బంతుల సంచి. కొంచెం ఎడంగా కొత్త దూది సంచుల మీద కూర్చుని జంపక్క.

"ఏందిది పుష్పలత గారూ?" అన్నాడు నాగరాజు.

"మీరే పిలిచిండ్రు గదా సార్, వచ్చింది."

అక్కడున్నవాళ్ళకు ఆ మాట గుర్తొచ్చింది. సరదా పుట్టింది. కానియ్యండి కానియ్యండి అన్నారు. దిల్షాద్ చున్నీ నడుముకు చుట్టి దోపుకుంది. నాగరాజు వైపు ఒకసారి చూసి కర్ర ఎత్తింది. చూడకుండా ఉండాల్సింది. కర్ర బంతి దగ్గరే ఆగింది, బంతి గట్టు మీద నుంచి దొర్లి వాగులో పడింది.

"అయిపోయిందా? పక్కకు జరుగమ్మా" అన్నాడు నాగరాజు.

"మీరు పొద్దున్నే వాగుల ఎన్ని పడగొట్టినా మళ్ళ కొడతరు గద సారూ" అంది జంపక్క సంచి మీద నుంచి.

పుష్పలత ఇంకో బంతి పెట్టింది. "నీళ్ళు, దిల్షాద్" అంది, అంతే.

ఈసారి దిల్షాద్ ఎవరినీ చూడలేదు. కర్ర గడ్డిని రాసుకుంటూ పోయింది, ఒళ్ళు తిరిగింది. బంతి వాగు మీదుగా వెళ్ళి అవతలి గట్టు దాటి, కానుగ చెట్ల ముందు పడి, ఒకసారి ఎగిరి ఆగింది. నాగరాజే చప్పట్లు కొట్టాడు, స్కూలు వార్షికోత్సవంలో పాట పాడిన పిల్లకు కొట్టినట్టు.

"శభాష్. బాగుంది. ఇంక జరుగు, మాకు మ్యాచ్ ఉంది."

"చెట్ల కిందికి పోవచ్చా సార్?"

"ఏ చెట్లు? అరే, అది జోక్‌గా అన్నానమ్మా. క్లబ్బన్నంక రూల్స్ ఉంటయ్ గద."

దిల్షాద్ అరుస్తుందని అందరూ అనుకున్నారు. ఆమె అరవలేదు. వంగి, సంచిలోంచి ఇంకో బంతి తీసి పెట్టుకుంది.

"ఏం చేస్తున్నవ్?"

"ఆడుతున్న సార్. ఆడేటోళ్ళకే అన్నరు గద గ్రౌండు. మేడమ్, ముందున్నోళ్ళ ఆట కాకపోతే ఎనకున్నోళ్ళు ఏం జేస్తరు?"

"ఆగుతరు" అంది పుష్పలత. "ఈ ఆటల అంతే. ముందున్నోళ్ళను తోసుకొని పోరాదు."

దిల్షాద్ కొట్టింది. బంతి దాటింది. ఇంకోటి కొట్టింది, వాగులో పడింది. ఇంకోటి. ఆఫీసర్లు టోపీలు సర్దుకున్నారు, వాచీలు చూసుకున్నారు. ఎండ ముదురుతోంది. నాగరాజు సెక్యూరిటీని పిలిస్తే, ఆ మనిషి వచ్చి దూరంగా నిలబడ్డాడు. చేతిలో ఇనప కర్ర ఊపుతున్న ఆడమనిషి దగ్గరికి వెళ్ళడానికి అతనికి మనసొప్పలేదు.

అప్పుడే నైట్ షిఫ్టు దిగిన ఆజం సైకిల్ మీద ఆ దారిన వచ్చాడు.

"ఆజం! నీ భార్యకు చెప్పు" అని అరిచాడు నాగరాజు. "నువ్వు మొన్న నాకు మాటిచ్చినవ్ గదా."

ఆజం సైకిల్ దిగాడు, స్టాండు వేశాడు. "అది నేను ఇయ్యాల్సిన మాట కాదు సార్" అన్నాడు. ప్యాంటు మడిచి, వాగులోకి దిగి, పడిన బంతులు ఏరడం మొదలుపెట్టాడు. ఏరినవన్నీ తెచ్చి భార్య కాళ్ళ దగ్గర పోశాడు. ఆమె అతని వైపు చూడలేదు. కుప్పలోంచి ఒకటి తీసి పెట్టుకుంది.

వెనకున్న వాళ్ళలో పెద్దవాడైన ఒక ఆఫీసరు చివరికి నోరు విప్పాడు. "నాగరాజూ, ఆ రోజు నువ్వన్నప్పుడు విన్నామని చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నానయ్యా. ఎండలో మమ్మల్ని ఎందుకు నిలబెడతావు?"

నాగరాజు ముఖం ముడుచుకుని, ఎటో చూస్తూ అన్నాడు. "సరే. మా ఆట అయినంక, తొమ్మిది తర్వాత చేసుకో. సీజను వరకే. పోయేటప్పుడు ఇసుక మీద ఊడ్చి పోవాలె."

అప్పుడు అరిచింది దిల్షాద్. గట్టు అవతలి దాకా వినిపించేలా అరిచింది.

"ఇదే మాట నేను మొదటి రోజు అన్న సార్! తొమ్మిది అన్న. చీపురు నేనే వేస్త అన్న. నా నోటికెళ్ళి వస్తే మీ చెవికి ఎక్కలే. సగం సీజను పోయింది నాకు. అడవికెళ్ళి తెచ్చిన దూది రోడ్డు పాలు జేసిండ్రు. నా మొగుణ్ణి మీ కాళ్ళ కాడికి రప్పించుకుండ్రు. గిప్పుడు నా మాటే నాకు బక్షీసు ఇచ్చినట్టు ఇస్తున్నరా?"

దానికి చెప్పగలిగిన మాట ఒకటి ఉంది, తప్పయింది అని. ఆ మాట అక్కడున్న చదువుకున్నవాళ్ళలో ఒక్కరి నోటా రాలేదు. ఆమె గట్టు దిగింది. జంపక్క ఒక సంచి, ఆజం ఒక సంచి ఎత్తుకున్నారు.

ఆ ఏడాది ఆమె కుట్టాల్సిన పరుపుల్లో చాలా భాగం చేజారిపోయింది. ఆగలేని వాళ్ళు ఖమ్మం నుంచి ఫోమ్ పరుపులు తెప్పించుకున్నారు. వాళ్ళలో కొందరు మళ్ళీ ఆమె దగ్గరికి రాలేదు. నాగరాజు ఇప్పటికీ సెక్రటరీయే. ఎదురుపడితే దిల్షాద్ నమస్తే పెట్టదు. మనసులో పెట్టుకోవద్దని ఆజం చెబుతుంటాడు. పెట్టుకోవాల్సినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలని ఆమె అడుగుతుంది.

దిల్షాద్‌కు ఇప్పుడు నలభై తొమ్మిదేళ్ళు. ఎండాకాలంలో తొమ్మిది తర్వాత కానుగ చెట్ల కింద బూరుగు దూది కొడుతుంది. ఆదివారం సాయంత్రాలు ఆమె, పుష్పలత కలిసి, ఒకే కర్రను వంతులేసుకుని ఆరు గుంతలూ ఆడతారు.